మనస్సును గూర్చిన మొదటి పాఠము

1916వ సంవత్సరమున అనంతపురమున ఒక ప్రభుత్వ కళాశాల వెలసెను. దానికి దత్తమండల కళాశాల యని పేరు. బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలు జిల్లాలను ఆనాడు దత్తమండలములని వ్యవహరించుచుండిరి. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్నందున వచ్చిన పేరది. రాయలసీమ యను గౌరవప్రదమైన పేరు 1928లో నంద్యాల సభలో గాని పుట్టలేదు. నైరృతి ఋతుపవనములకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనములు సముద్రతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి వానిలో బలముండదు. ఆ పీఠభూమిపై ఏటేట కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 1876లో మొదలైన ధాత కరువును కన్నులార చూచిన వృద్ధులు 1916 నాటికి పల్లెపల్లెకును ఉండిరి. అట్టి సీమలో కళాశాల యనగా, కొడుకును మద్రాసునకు పంపి చదివింపలేని రైతునకు తన ఇంటి ముంగిటికి వచ్చిన విద్య.

ఆ కళాశాల పుట్టిన సంవత్సరముననే, కొలది మాసములపాటు, ఒక యువకుడు అందు అధ్యాపకుడుగ పనిచేసెను. వయస్సు సుమారు ఇరువది యెనిమిది. తలపై తెల్లని తలపాగా, ఒడలిపై పొడవైన కోటు. తరువాతి కాలమున ఆక్స్‌ఫర్డు ఆచార్యుడును, భారత రాష్ట్రపతియునైన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆయనయే. ఆయన పేరు వినగానే భారతీయ దర్శనములపై రెండు సంపుటముల మహాగ్రంథము తలపునకు వచ్చును. కాని ఆ గ్రంథమునకు పదేండ్లకు పైగా ముందే ఆయన ఒక చిన్న పుస్తకము ప్రకటించి యుండిరి. అది వేదాంతము కాదు. మనస్తత్వ శాస్త్రమును క్రొత్తగా చదువువారికి, అందును ముఖ్యముగ బడిపంతుళ్ళు కాగోరువారికి, చెప్పిన తొలిపాఠములు. పెద్ద గ్రంథముల నీడలో ఆ చిన్న పుస్తకమును లోకము మరచినది. ఆయన జీవితమును ఆ పుస్తకపు వైపునుండి చూచినచో, ఆయనలోని ఉపాధ్యాయుడు మరింత స్పష్టముగ కన్పించును.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామమునుండి వచ్చినది. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రములో చేరునంతవరకు చిత్తూరు జిల్లా ఊరుగనే యుండెను. తండ్రి వీరాస్వామి జమీందారు కొలువున రెవెన్యూ పనిలో నుండిన చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మ. ఇంట కలిమి లేదు. తిరుత్తణిలో అక్షరాభ్యాసము, తిరుపతిలో లూథరన్ మిషన్ పాఠశాల, వేలూరులో వూర్‌హీస్ కళాశాల, తుదకు మద్రాసు క్రైస్తవ కళాశాల. ఇది ఆయన చదువు సాగిన దారి. ఆ దారి పొడవునను విద్యార్థివేతనములే ఆయనకు ఊతకోల. వేలూరులో చదువుచుండగనే శివకామమ్మతో వివాహమయ్యెను.

మద్రాసులో బి.ఏ. తరగతికి ఏ విషయము తీసికొనవలెనను ప్రశ్న వచ్చినప్పుడు ఆయన మనస్సు డోలాయమానమయ్యెను. గణితమా, భౌతికశాస్త్రమా, జీవశాస్త్రమా, చరిత్రయా, తత్త్వశాస్త్రమా? ఏది చూచినను తగినదిగనే తోచెను. ఆ సందిగ్ధమును తీర్చినది గురూపదేశము కాదు, అంతర్వాణియు కాదు. వరుసకు సోదరుడైన బంధువొకడు అప్పుడే పట్టభద్రుడై, తనకు పని తీరిన పాఠ్యపుస్తకములను ఈయనకు ఇచ్చివేసెను. అవి మూడు: స్టౌట్ రచించిన మనస్తత్వ శాస్త్రము, వెల్టన్ రచించిన తర్కశాస్త్రము, మెకంజీ రచించిన నీతిశాస్త్రము. పుస్తకములు చేతికి వచ్చినవి గనుక తత్త్వశాస్త్రమే తీసికొనుట నిశ్చయమయ్యెను. కొనుటకు డబ్బులేని విద్యార్థికి దొరికిన పాతపుస్తకములు ఒక దేశపు తత్త్వచింతనకే దారి మళ్ళించినవి. నేటికిని పై తరగతివాని పాతపుస్తకము క్రింది తరగతివాని చేతికి వచ్చుట మన పాఠశాలలలో చూచుచునే యున్నాము. దానిని చిన్నచూపు చూడరాదు.

ఆ మూడింటిలో మొదటిదైన స్టౌట్ గ్రంథము నాటికి క్రొత్తది. మనస్తత్వ శాస్త్రమే క్రొత్తది. జర్మనీలోని లైప్సిగ్ నగరమున వుంట్ పండితుడు 1879లో ప్రయోగశాల నెలకొల్పినది మొదలు ఆ శాస్త్రము తత్త్వశాస్త్రమునుండి విడివడుటకు ప్రయత్నించుచుండెను. అమెరికాలో విలియం జేమ్స్ 1890లో తన మహాగ్రంథమును వెలువరించెను. స్టౌట్ ఇంగ్లాండు దేశీయుడు. మనస్సు అద్దమువలె ఊరక నిలిచి లోకమును ప్రతిబింబించునది కాదనియు, ఏదో ఒక ప్రయోజనము నాశించి సదా పనిచేయుచుండునదనియు ఆయన మతము. ఇంద్రియ సంవేదనతో మొదలిడి, ప్రత్యక్షజ్ఞానము, భావన, ఆలోచన యను మెట్లమీదుగ మనస్సు ఎట్లు ఎదుగునో ఆయన గ్రంథము క్రమముగ చూపును. ఉపనిషత్తుల గడ్డపై పుట్టిన యువకునకు మనస్సును గూర్చిన విచారణ క్రొత్తది కాదు. కాని దానిని మెట్టుమెట్టుగ, ఎవరైనను పరీక్షింపగల రీతిని, పాఠముగ చెప్పు పద్ధతి క్రొత్తది. ఆ పద్ధతి ఆయనకు చివరివరకు తోడైయుండెను.

ఎం.ఏ. పరీక్షకై 1908లో ఆయన వేదాంతమునందలి నీతితత్త్వమును గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసిరి. హిందూమతమున నీతికి చోటులేదని చుట్టును వినవచ్చుచుండిన విమర్శకు అది సమాధానము. ఆ కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించు హాగ్ క్రైస్తవ మతబోధకుడే యైనను, శిష్యుని వ్యాసమును మెచ్చుకొనెను. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల తత్త్వశాస్త్ర శాఖలో రాధాకృష్ణన్ ఉద్యోగమున ప్రవేశించిరి. జీతము చిన్నది, సంసారము పెద్దది. పుట్టినింటి భారము సైతము ఆయనపైననే యుండెను. అప్పులు తప్పలేదు.

1910లో ఆయనను సైదాపేటలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు పంపిరి. బోధన చేయువాడు బోధనాపద్ధతులలో శిక్షణ పొందవలెనను నియమమున్నది గదా! ఆ శిక్షణలో మనస్తత్వ శాస్త్రము ఒక పాఠ్యాంశము. తత్త్వశాస్త్రమున ఎం.ఏ. చదివిన ఆయనకు ఆ శాస్త్రపు ఓనమాలు మరల వినవలసిన పనిలేదని అచ్చటి ఆచార్యుడు గ్రహించెను. గ్రహించి, ఆ తరగతులకు రావలసిన అవసరము లేదనెను. అంతటితో ఊరకుండక, తోడి విద్యార్థులకు ఆ పాఠములను ఆయననే చెప్పుమని కోరెను. శిష్యుడుగ వచ్చినవాడు గురుపీఠమెక్కెను. ఎదుట కూర్చున్నవారు నేడో రేపో పల్లెలలో, పట్టణములలో బడిపిల్లలకు చదువు చెప్పబోవువారు. వారికి పండితవాదములు అక్కరలేదు. ముప్పదిమంది పిల్లల యెదుట నిలిచినప్పుడు ఏమి చేయవలెనో తెలియవలెను.

మనస్తత్వ శాస్త్రపు ప్రథమపాఠములు ఉపాధ్యాయునకు ఏల కావలెనో తెలిసికొనుటకు మన నిత్యానుభవము చాలును. అవధానము ఆ శాస్త్రమున ఒక ముఖ్య ప్రకరణము. తెలుగువారికి ఆ మాట క్రొత్తది కాదు. అష్టావధాని ఎనిమిది వైపుల మనస్సును నిలుపగల్గుట చూచి ఆశ్చర్యపడు జాతి మనది. అయినను, తరగతిలో పిల్లవాడు పాఠముపై మనస్సు నిలుపనప్పుడు వానిని మందమతి యని కసరుదుము. కాని అవధానము అభిరుచి ననుసరించి పోవును. ఆకాశపు అంచున అరచేయంత మబ్బు లేచినచో పట్నవాసి కంటికి ఆనదు. అనంతపురపు మెట్టరైతు దానిని కోసెడు దూరమునుండి గుర్తించును. రైతు కన్ను పట్నవాసి కన్నుకంటె వాడియైనది కాదు. ఆ మబ్బుతో వాని బ్రతుకు ముడివడియున్నది. పాఠము పిల్లవాని బ్రతుకుతో ముడిపడిన దినమున వాడును అట్లే చూచును.

స్మృతి మరియొక ప్రకరణము. ఒక్కపూటలో వల్లెవేసిన పాఠము తొలిదినములలో వడిగను, పిమ్మట మెల్లగను మరపున పడునని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రయోగములచే నిరూపించెను. ఒకనాడు ఇరువదిసారులు చదువుటకంటె, దినమునకు కొన్నిసారుల చొప్పున పలుదినములు చదువుట మేలని తేలెను. ఇట్లే అలవాటు, ఉద్వేగము, సంకల్పము. ఆకలిగొన్న పిల్లవాడు వినడు. భయపడిన పిల్లవాడు విన్నను గ్రహింపడు. అవమానింపబడిన పిల్లవాడు గ్రహించినను నోరు విప్పడు. కరవు నేలలో బడి నడపు ఉపాధ్యాయునకు ఇవి పుస్తకపు మాటలు కావు. పిల్లవాని మౌనమునకు కారణము మాంద్యమో, ఆకలియో, భయమో తెలిసికొనలేనిచో, బెత్తమొక్కటియే ఆయనకు మిగులు సాధనము.

సైదాపేట పాఠములు మనస్తత్వ శాస్త్రపు ముఖ్యాంశములను తెలుపు చిన్న ఆంగ్ల పుస్తకముగ 1912లో వెలువడెను. అప్పటికి రాధాకృష్ణన్ వయస్సు ఇరువది నాలుగు. అందు క్రొత్త సిద్ధాంతమేదియు లేదు. ఉన్నదానిని తేటగ చెప్పుటయే దాని ప్రయోజనము. కాని తేటగ చెప్పుట చిన్నపని కాదు. తనకు తెలిసిన దంతయు చెప్పవలెనను ఉబలాటమును అణచుకొని, ఎదుటివానికి కావలసినంత మాత్రమే, వాడు అందుకొనగల మాటలలో చెప్పుట అధ్యాపకుని తపస్సు. తరువాతికాలమున ఖండాంతరముల సభలలో, ఒక్క కాగితమైనను చేతలేక, గహనమైన వేదాంత విషయములను అనర్గళముగ వివరించిన ఆ వక్త, ఆ తపస్సును మొదలిడినది సైదాపేట తరగతిలోనే.

నాలుగేండ్లకు పిమ్మట ఆయన అనంతపురము చేరిరి. ప్రెసిడెన్సీ కళాశాల ఒకవైపు. క్రొత్తగ తలుపులు తెరచిన దత్తమండల కళాశాల ఒకవైపు. సముద్రపు గాలికి అలవాటుపడినవానికి పెన్న నీరెండి ఇసుక మెరయు సీమ. ప్రభుత్వోద్యోగికి బదిలీ తప్పదు. కొలది మాసములకే ఆయన మరల మద్రాసునకు, 1917లో రాజమహేంద్రవరమునకు సాగిపోయిరి. కాని ఆ కొలది మాసములకు అర్థము లేకపోలేదు. అనంతపురపు కళాశాలలో చేరిన విద్యార్థులలో పెక్కుమంది తమ ఇంట మొట్టమొదట కళాశాల మెట్లెక్కినవారే. తర్కమనియు, తత్త్వమనియు, మనస్తత్వమనియు పేర్లు వినుట వారికి క్రొత్త. నేల మాత్రము ఆ విచారణకు క్రొత్తది కాదు. మనస్సు పోకడలను ఆటవెలదులలో ఎండగట్టిన వేమన సమాధి ఆనాడు ఆ జిల్లాలో నుండిన కదిరికి చేరువనున్న కటారుపల్లిలోనే కలదని జనుల నమ్మకము. కొరవడినది బుద్ధి కాదు, బడి.

అదే 1916వ సంవత్సరమున కలకత్తా విశ్వవిద్యాలయము భారతదేశమున మొట్టమొదటిసారిగ మనస్తత్వ శాస్త్రమునకు ప్రత్యేక శాఖను, ప్రయోగశాలను నెలకొల్పెను. అమెరికాలోని హార్వర్డులో చదివి వచ్చిన నరేంద్రనాథ సేన్‌గుప్తా దానికి ఆధిపత్యము వహించిరి. బ్రజేంద్రనాథ శీల్ 1905లోనే దానికి పాఠ్యప్రణాళికను సిద్ధపరచి యుండెను. తక్కిన తావుల మనస్తత్వ శాస్త్రము తత్త్వశాస్త్రపు ఇంట అద్దెకున్న బంధువువలె మెలగుచుండెను. మైసూరున 1924లో ఆ శాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడెను.

రాధాకృష్ణన్ 1918లో మైసూరు మహారాజ కళాశాలలో ఆచార్యులైరి. అచ్చటినుండి 1921లో కలకత్తాకు వెడలునప్పుడు విద్యార్థులు గుఱ్ఱములను విప్పివేసి, పూలతో అలంకరించిన బండిని తామే లాగుచు రైలుస్టేషనునకు చేర్చిరి. అధ్యాపకునకు అంతకు మించిన బిరుదము లేదు. కలకత్తాలో ఆయన అధిష్ఠించినది ఐదవ జార్జి పేరిట వెలసిన ఆచార్యపీఠము. దాని పూర్తిపేరున మానసిక శాస్త్రము, నైతిక శాస్త్రము రెండును చేరియున్నవి. అంతకుముందు దానిపై కూర్చున్నవారు ఆ బ్రజేంద్రనాథ శీలే. బంధువు పాతపుస్తకములతో మొదలైన యాత్ర దేశమున మిక్కిలి గౌరవప్రదమైన తత్త్వశాస్త్రపీఠమునకు చేరెను.

ఆ పీఠముననున్న కాలముననే భారతీయ దర్శనములపై ఆయన మహాగ్రంథము 1923లోను, 1927లోను రెండు సంపుటములుగ వెలువడెను. కీర్తితోపాటు కలతయు వచ్చెను. 1929లో జదునాథ సిన్హా యను యువపండితుడు, భారతీయ మనస్తత్వ విచారమును గూర్చి తాను పరీక్షకై సమర్పించిన వ్యాసములోని భాగములు రెండవ సంపుటమున చేరినవని పత్రికాముఖమున ఆరోపించి, న్యాయస్థానము కెక్కెను. రాధాకృష్ణన్ ఆ ఆరోపణను తిరస్కరించి, పరువునష్టపు దావా వేసిరి. 1933లో ఉభయులును న్యాయస్థానము వెలుపల రాజీపడిరి. సిన్హా 1934లో భారతీయుల ప్రత్యక్షజ్ఞాన విచారమును గూర్చి తన గ్రంథమును ప్రకటించి పేరొందెను. మహనీయుల జీవితములు చదువు విద్యార్థులకు ఈ ఘట్టమును దాచుట న్యాయము కాదు. విద్యాలోకమున ఒకరి శ్రమకును మరొకరి కీర్తికిని నడుమ గీత ఎంత సున్నితమైనదో అది తెలుపుచున్నది.

1926లో ఆయన ఆక్స్‌ఫర్డులో హిందూ జీవనదృష్టిని గూర్చి ప్రసంగించిరి. హిబ్బర్ట్ ఉపన్యాసములు 1932లో గ్రంథముగ వచ్చినవి. అందు మానవుడు తెలిసికొను విధములను విచారించి, సహజావబోధము బుద్ధికి విరోధి కాదనియు, బుద్ధి పండిన చోట పుట్టునదనియు వాదించిరి. ప్రయోగశాలలలో పెరుగుచున్న మనస్తత్వ శాస్త్రము అప్పటికి వేరుదారి పట్టెను. అది కొలతలను, ప్రవర్తనను ఆశ్రయించెను. ఆయన ఆ దారిని అనుసరింపలేదు. కాని విద్యార్థి దశలో స్టౌట్ గ్రంథమున చూచిన ప్రశ్న, మనస్సు తెలిసికొనుట యెట్లు అనునది, ఆయనను విడువలేదు.

1931 నుండి 1936 వరకు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. భగవంతం, శేషాద్రి, హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువకులను వాల్తేరు అధ్యాపకవర్గమున చేర్చుకొనిరి. ఎవరు ఎచ్చట రాణింతురో గుర్తించుట సైతము మనస్తత్వ విద్యయే. 1936లో ఆక్స్‌ఫర్డున స్పాల్డింగ్ ఆచార్యపదవి, 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షపదవి, 1949లో సోవియట్ దేశమున రాయబారము, 1952లో ఉపరాష్ట్రపతి పదవి, 1962లో రాష్ట్రపతి పదవి ఒకదానివెంట నొకటి వచ్చినవి. వీనినన్నిటికంటె పల్లె విద్యార్థికి దగ్గరిది, 1948లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము. ఉన్నతవిద్య నగరముల సొత్తుగ నుండరాదనియు, గ్రామీణ కళాశాలలు, గ్రామీణ విశ్వవిద్యాలయములు వెలయవలెననియు ఆ సంఘము సూచించెను. దత్తమండలమున చదువు చెప్పి వచ్చిన అధ్యక్షునకు ఆ అవసరము విని తెలిసినది కాదు.

రాష్ట్రపతియైన వత్సరమున అభిమానులు ఆయన జన్మదినమును వేడుకగ జరుపనెంచగా, దానిని ఉపాధ్యాయ దినముగ పాటించుట తనకు గౌరవమని ఆయన తెలిపిరి. 1962 నుండి సెప్టెంబరు 5 మన బడులలో పండుగయైనది. 1967లో పదవినుండి తొలగి, మద్రాసులో విశ్రాంతి గైకొని, 1975 ఏప్రిల్ 17వ తేదీన ఆయన కన్నుమూసిరి.

అనంతపురపు కళాశాల ఆ తరువాతను తన పని తాను చేయుచు వచ్చినది. ఆంధ్రభాషా చరిత్రమును రచించిన చిలుకూరి నారాయణరావు అందు తెలుగు బోధించిరి. ఇల్లూరు గ్రామమున పుట్టిన నీలం సంజీవరెడ్డి అందు చదివి, 1977లో రాష్ట్రపతి యైరి. ఒక రాష్ట్రపతి పాఠము చెప్పిన చోటను మరియొక రాష్ట్రపతి పాఠము వినెను. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రముండవలెనని 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో పెద్దలు వ్రాసికొన్న మాట, 1968లో స్నాతకోత్తర కేంద్రముగను, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయముగను ఫలించెను. వాన ఇప్పటికిని ఆ సీమకు అరుదైన చుట్టమే. చదువు మాత్రము చుట్టము కాక ఇంటివాడైనది.

రాధాకృష్ణన్ మహాగ్రంథములను పండితులు చదువుచునే యుందురు. బడిపంతులుగ ఉద్యోగమున చేరబోవు యువకుడు తలచుకొనవలసినది మాత్రము ఆ 1912 నాటి చిన్న పుస్తకమును. పుస్తకము పాతబడినది, శాస్త్రము ఎంతో దూరము సాగినది. కాని దానిని పుట్టించిన ఘట్టము పాతబడదు. తనకు తెలిసినదానిని తోడివారికి పంచుమని అడుగగా, ఇరువది రెండేండ్ల యువకుడొకడు లేచి, కొలది యుపాధ్యాయులకు మనస్సును గూర్చిన మొదటి పాఠము చెప్పెను. వెనుక బల్లపై మౌనముగ కూర్చున్న పిల్లవాని మనస్సున ఏమున్నదో తెలిసికొనగోరు ప్రతి ఉపాధ్యాయుడును ఆ తరగతిలోని విద్యార్థియే.